పేలని కట్టె

కట్టె మా దర్వాజ వెనుక నిలబడి ఉన్నది. దానికి వీపు పెట్టి కూర్చోలేక కుర్చీని ఇటు తిప్పుకొని రాస్తున్న. పిల్లగాడు పడుకున్నడు. వాని బాపు బొగ్గుబాయి మీదికి డ్యూటీకి పోయిండు, తెల్లారినంక గాని రాడు.

అది మా కట్టె కాదు. పక్క క్వార్టరు మామది. ఆయన బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయిన మనిషి. మోకాళ్లు పట్టేసినయి, కట్టె లేకుంటే గేటు దాకా కూడా రాలేడు. ఈ పొద్దున మా నీళ్ల డ్రమ్ము వెనుక నుంచి పాము వచ్చింది. మా వాడు చాప మీద పాకుతున్నడు. నేను మొత్తుకున్న మొత్తుకోలుకు మామ వచ్చి, ఆ కట్టెతోనే దాన్ని కొట్టిండు. నలుగురు జమైండ్రు. పామును తీసేసినంక మామ ఇంటామె, నేను అత్తమ్మ అని పిలుస్త, ఒక్కటే మాట అన్నది.

"గా కట్టెను మళ్ల ఇంట్లకు తేకు. కాలబెట్టు."

మామ గోడకు ఒరిగి కట్టెను రెండు చేతులతోటి పట్టుకొని నిలబడ్డడు. ఆ ముఖాన్ని నేను ఇదివరకు ఒకసారి చూసిన.

"నాకియ్యుండ్రి మామా, నేను కాలబెడ్త" అన్న.

క్వార్టరు వెనుక అట్టముక్కలు పేర్చి మంట పెట్టిన. పొగ అందరికి కనపడ్డది. కట్టెను మాత్రం ఫినాయిలుతో కడిగి, పాత చీరెలో చుట్టి లోపలికి తెచ్చిన. పొద్దటి నుంచి పిల్లగాని నుదురు ఎన్నిసార్లు పట్టి చూసిన్నో నాకే తెలువది.

ఇట్లనే ఒక కట్టెను నేను చిన్నప్పుడు దాచిన.

మా ఊరు మెట్‌పల్లి నుంచి ఆటోలో అరగంట. బాపు మస్కట్‌లో ఉండేది. ఇంట్లో మగదిక్కు అంటే తాత ఒక్కడే. ఆయనకు కుడికాలు సరిగ ఉండేది కాదు, నడిస్తే కట్టె ముందు పడేది, కాలు వెనుక ఈడ్చుకుంట వచ్చేది. టక్కు, తర్వాత సర్రు. రాత్రిపూట ఆయన కొట్టం దాకా పోయి బర్రెలను చూసి, దర్వాజ గొళ్లెం పెట్టి, మంచం పక్కన కట్టె ఆనిచ్చే దాకా నాకు నిద్ర పట్టేది కాదు. ఆ టక్కు, సర్రు ఇనపడితే చాలు, మా ఇంటికి ఎవరూ రారు, ఏదీ రాదు అనిపించేది.

అది గట్టి వెదురు. లోపల డొల్ల ఉండదు. తాత వాళ్ల బాపు ఆదిలాబాద్ అడవికి పోయినప్పుడు ఏరి ఏరి కోసుకొచ్చిండట. అడుగున రోకలికి ఉన్నట్టే ఇనుప పొన్ను. ఏడాదికి ఒకసారి తాత దాన్ని మంట మీద తిప్పి తిప్పి కాచి, వేడి మీదనే ఆముదం రుద్దేది. ఆ వాసన, ఆయన దోతి వాసన, ఆయన చుట్ట వాసన నాకు ఒక్కటే వాసన. పట్టుకునే చోట ఆయన అరచేయి, ఆయన బాపు అరచేయి కలిసి ఒక గుంట పడ్డది. నా చెయ్యి ఆ గుంటలో పెడితే ఇంకా సగం జాగ మిగిలేది.

దానితోటి చెయ్యని పని లేకుండె. బర్రెలను మళ్లపుటానికి అదే. వాగు దాటేటప్పుడు లోతు చూసేది అదే. నాకు చింతకాయ రాల్చుటానికి అదే. తాత కునుకు తీస్తే దాన్ని కాళ్ల నడుమ పెట్టుకొని వాకిలంత గుర్రం ఆడేది నేను. ఒకసారి పక్కింటి కోడిపుంజును దానితోటి అదిలించబోయి వాళ్ల కూర కుండను పగలగొట్టిన. తాత లేచి, "గుర్రం తన్నిందా బిడ్డా?" అన్నడు.

రజాకార్ల దినాల్లో పెద్దలంత ఇటువంటి కట్టెలు పట్టుకొని ఊరి చుట్టు కావలి కాసిండ్రట. తాత అప్పుడు మీసాలు రాని పిల్లగాడు. "ఎవల్ని కొట్టినవ్ తాతా?" అని అడిగితే, "కొట్టలే బిడ్డా. కట్టె నేలకు ఆనిచ్చి సప్పుడు చేసుకుంట తిరిగినం. గా సప్పుడు ఇని రానోళ్లు రాలే" అనేది.

బాపమ్మ పొయ్యి కాడి నుంచి మొదలుపెట్టేది. "చెప్పు, చెప్పు. పెండ్లినాడు నా పక్కన కూసోని కట్టెను ఒళ్లె పెట్టుకున్నవ్. అయ్యగారు అడిగిండు, పుస్తె ఎవలకు కడ్తవు పిలగా అని."

"అది నోరు తెరువదు. నువ్వు తెరుస్తవు. గంతే తేడా" అనేది తాత.

ఊర్లో పంచాయితి కూసున్నప్పుడు తాతకు కాలు నొప్పి అయితే పోకపోయేది. కట్టెను నా చేతికిచ్చి పంపేది. నేను దాన్ని మోసుకపోతే పెద్దమనుషులు జరిగి, చాప మీద దానికి జాగ ఇచ్చేది. ఎవరూ దాన్ని దాటకపోయేది. తిరిగొచ్చేటప్పుడు నేనే పంచాయితి చెప్పినంత పొడుగు అయ్యేదాన్ని.

ఆ వానకాలం మా తమ్మునికి ఏడో నెల. మమ్ముల కన్న అవ్వ పగలంత బీడీలు చేసేది. తునికాకును నీళ్లు చల్లి, తడి గోనెసంచిలో చుట్టి పెడితే మెత్తవడేది. ఇల్లంత ఆ పచ్చి ఆకు వాసన, తంబాకు ఘాటు. తమ్ముడు దూలానికి కట్టిన చీరె తొట్టెలలో ఊగేది. తొట్టెల తాడు అవ్వ కాలి బొటనవేలికి. చేతులు బీడీలకు, కాలు తమ్మునికి. బయట ముసురు. బాపమ్మ పొయ్యిలో మక్క కంకులు కాలుస్తున్నది. ఆ రోజు నేను బడికి పోలే. కడుపు నొప్పి అని చెప్పిన, నిజానికి మక్క కంకుల కోసం.

"ఆకు తే బిడ్డా" అన్నది అవ్వ.

నేను పోయి గోనెసంచి అంచు ఎత్తిన. అడుగున ఉన్న తడి కదిలినట్టు అయింది. తడి కాదు. అది నా చెయ్యి పక్కనుంచే జారి, నేల మీద మెల్లగ, తొందర లేనట్టు, తొట్టెల కిందికి పోయి పడగ లేపింది. నాగుపాము. తమ్ముని కాలు ఒకటి చీరెలో నుంచి బయటికి వేలాడుతున్నది. దానికి నల్ల దారం. పాముకు ఆ కాలుకు నడుమ జానెడు కూడా లేదు.

అవ్వ బొటనవేలు ఆగిపోయింది. "మామా" అన్నది. మొత్తుకోలే. మామూలుగ పిలిచినట్టే పిలిచింది. నాకు ఇప్పటికీ ఆ మెల్లని పిలుపే ఎక్కువ భయం.

తాత దర్వాజలోకి వచ్చిండు. కట్టెను ఎత్తాలంటే ఆయన దాని మీద బరువు తీసెయ్యాలె. అది తీస్తే ఆయన నిలబడలేడు. ఎడమ చెయ్యితో దర్వాజ చెక్కను పట్టుకొని, ఒక్క ఊపిరి ఆగి, వదిలేసిండు. కట్టె తిరిగింది నేను చూడలే. సప్పుడే ఇన్న. ఒక్కటే దెబ్బ. పాము అక్కడ, తాత ఇక్కడ, ఇద్దరూ నేల మీద.

బాపమ్మ వచ్చి తమ్ముణ్ణి తీసి రొమ్ముకు అదుముకున్నది. తాత నేల మీద కూసోని నవ్విండు. "పడ్డది నేనా, పామా?" అన్నడు. ఎవరూ నవ్వలే.

మా దిక్కు నాగుపామును చంపితే ఊరికే పారెయ్యరు. పసుపు కుంకుమ చల్లి, మీద రూపాయి బిళ్ల పెట్టి, పాలు పోసి కాలబెడ్తరు. కొట్టిన కట్టెను కూడా దానితోటే కాలబెడ్తరు. చచ్చినదాని నెత్తురు అంటిన కట్టె ఇంట్లో ఉంటే జోడుపాము ఆ జాడ పట్టుకొని వస్తదని చెప్పేది. ఆ రోజు ముసురుకు మంట అంటలే. పక్కింటి కాక పామును పెంట కుప్ప అవతలి గుంత కాడికి తీసుకపోయి, మీద గంప బోర్లించి రాయి పెట్టిండు. బాపమ్మ తాత చేతిలో నుంచి కట్టెను అడిగింది. తాత ఇయ్యలే. ఆమె రెండోసారి అడగలే. నిలబడ్డది. చాలా సేపటికి ఆయన చెయ్యి తెరిచిండు. ఆ ముఖమే నేను ఈ పొద్దున చూసింది.

కట్టెను గంప మీద అడ్డంగ పెట్టిండ్రు. పొద్దు గుంకే ముందర వాన తెరిపిచ్చింది. కాక గాసు నూనె కోసం ఇంటికి పోయిండు, బాపమ్మ పాల కోసం. నేను చిక్కుడు పందిరికి కట్టిన వెదురు బొంగు ఒకటి ఊడపీకి, బురద పూసి, గంప మీద పెట్టిన. తాత కట్టెను తీసుకొని కొట్టంలోకి ఉరికి, తాటికమ్మల కప్పులోకి దోపిన. నాలుగు రోజులైనంక, అందరు మరిచిపోయినంక, తాతకు ఇద్దామనుకున్న. ఆ కట్టె కాలిపోతే రాత్రి టక్కు అని సప్పుడు ఉండదు. నాకు అప్పుడు ఉన్న భయం అదొక్కటే.

కాకకు పామంటే చచ్చినా భయమే. ముఖం అటు తిప్పుకొని గాసు నూనె పోసి పుల్ల గీసిండు. మంట లేచింది. కాసేపటికి మంటలో ఠప్పుమని పెద్దగ పేలింది. కాక ఎగిరి దుంకిండు.

"అబ్బ! పాము పేలిందా ఏంది వదినె!"

"నీ గుండె పేలింది, చూస్కో" అన్నది బాపమ్మ.

మళ్ల ఒకసారి పేలింది. ఆ సప్పుడు మా ఇంటి దాకా ఇనపడ్డది. నేను ఇంటికి ఉరికి వస్తే తాత మంచం మీద కూసోని నన్నే చూస్తున్నడు.

కాక తుమ్మ కట్టె ఒకటి చెక్కి తెచ్చిచ్చిండు. బరువు. తాత దాన్ని రెండడుగులు వేసి చూసి, "ఇది నా మాట ఇనది" అని పక్కన పెట్టిండు. గోడలు పట్టుకొని తిరిగిండు. ఆ రాత్రి సర్రు మాత్రమే ఇనపడ్డది.

రెండో రోజు నుంచి బాపమ్మ మొదలుపెట్టింది. అన్నం తినిపించుకుంట, తల దువ్వుకుంట అదే ముచ్చట. "అది ఆడిదో మగదో. జోడుది యాడ ఎదురుచూస్తుందో. కట్టెను కాలబెట్టినం గాబట్టి మనకు ఫికర్ లేదు. లేకుంటే కొట్టినోన్ని ఇడిసిపెడ్తది గాని, పసిపిల్లల్ని ఇడిసిపెట్టది." దండెం మీది తాడు, నీళ్ల మోటరు పైపు, అవ్వ జడ, అన్నీ నా కంటికి కదిలినయి. కాళ్లు మంచం మీదికి ముడుచుకొని కూసునేది. "దీనికి ఏం దయ్యం పట్టింది?" అనేది అవ్వ.

నాలుగో రోజు తమ్మునికి జ్వరం వచ్చింది.

అవ్వ తడిగుడ్డ వేసింది. బాపమ్మ దిష్టి తీసింది. జ్వరం దిగలే. వాడు పాలు పట్టలే. ఏడ్పు కూడా పోయి సన్నగ మూలుగుతున్నడు. నేను కట్టెను తీసి వాగులో పారేద్దామని కొట్టంలోకి పోయిన. కప్పు కింద చీకటి. చెయ్యి పైకి చాపిన. తాటికమ్మలలో ఏదో పాకింది. తొండో, ఎలుకో. నాకు మాత్రం అది కట్టెకు చుట్టుకొని ఉన్నదనే అనిపించింది. వచ్చేసింది. నా కోసం కాదు, తమ్ముని కోసం. బయటికి ఎట్ల వచ్చిన్నో గుర్తు లేదు.

మరునాడు తెల్లారంగ తమ్ముడు కొయ్యలెక్క బిగిసి, కండ్లు తేలేసిండు. అవ్వ, బాపమ్మ వాణ్ణి ఎత్తుకొని ఆటోలో మెట్‌పల్లి దవాఖానకు పోయిండ్రు. అవ్వ కాళ్లకు చెప్పులు కూడా లేవు. ఇంట్లో నేను, తాత మిగిలినం. తొట్టెల ఖాళీగ ఉన్నది. గాలికి కొద్దికొద్దిగ ఊగుతున్నది.

పొద్దెక్కింది. నాకు ఇక ఆగలే.

"తాతా, నీ కట్టె కాలలే" అన్న.

తాత గడప మీద కూసున్నడు. తల తిప్పలే.

"నాకెరికే బిడ్డా."

"ఎట్లెరిక?"

"పేలింది గద. డొల్లది పేలుతది. నాది గట్టిది, పేలది. సప్పుడు ఇన్నప్పుడే ఎరికైంది, గిది నా కట్టె గాదని."

ఆయన నవ్వుతడనుకున్న. పామూ లేదు, జోడూ లేదు, మీ బాపమ్మ మాటలు ఇనకు అంటడనుకున్న. అందుకే చెప్పిన. ఆయన నవ్వలే.

"మరి ఎందుకు చెప్పలే తాతా?"

"నాక్కూడ కావాలె గద" అన్నడు. "పిలగాడు తక్లీబుల పడేదాక నోరు మూసుకున్న. నువ్వంటే పసిదానివి" అన్నడు. ఆయన చెయ్యి గడప చెక్క మీద వణుకుతున్నది. పడగ ముందట వణకని చెయ్యి అది. నా భయం అంత ఒకదిక్కు, ఆ వణుకు చూసిన భయం ఒకదిక్కు. పెద్దవాళ్లకు కూడా తెలువదని నాకు ఆ రోజే తెలిసింది.

"యాడ పెట్టినవ్?"

చూపించిన. కప్పులో నుంచి ఆయనే గుంజి తీసిండు. దుమ్ము దులిపిండు. పట్టుకునే గుంటలో అరచేయి పెట్టి కొద్దిసేపు అట్లనే నిలబడ్డడు. తర్వాత దాని మీద ఆనుకొని నడిచిండు. టక్కు, సర్రు. టక్కు, సర్రు. ఐదు రోజులుగ నేను ఇనాలని ఎదురుచూసిన సప్పుడు. పెంట కుప్ప అవతలి గుంత దాకా ఇనపడ్డది.

కాగితాలు, మక్క బెండ్లు పేర్చి, గాసు నూనె పోసి, కట్టెను మీద పెట్టిండు. పుల్ల నన్ను గీయమనలే. ఆయనే గీసిండు. ఆముదం తాగిన కట్టె గదా, మెల్లగ అంటుకొని చాలా సేపు కాలింది. చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన వాసన అంత లేచి పొగలో పోయింది. నేను చెవులు మూసుకొని పేలుతదని ఎదురుచూసిన.

"సప్పుడు చెయ్యది బిడ్డా" అన్నడు తాత. "చెవులు తీయి."

బూడిదలో పొన్ను ఒక్కటే మిగిలింది. పోయేటప్పుడు ఆయన కట్టె మీద పోయిండు. వచ్చేటప్పుడు నా భుజం మీద వచ్చిండు. బరువుకు నా మెడ నొచ్చింది. నేను చెప్పలే.

పొద్దు తిరిగినంక అవ్వ వాళ్లు వచ్చిండ్రు. తమ్ముడు బాపమ్మ భుజం మీద పడుకున్నడు. ఛాతిలో నెమ్ము చేరిందట. సూది వేసిండ్రట. ఇంకా నాలుగు రోజులు తీసుకపోవాలట. "పదింటికే జ్వరం దిగింది. దవాఖాన బల్ల మీదనే పాలు తాగిండు నా కొడుకు" అని అవ్వ ఏడ్చుకుంట నవ్వింది.

పదింటికి మేము గడప మీద కూసోని ఉన్నం. కట్టె అప్పటికి కొట్టంలోనే ఉన్నది. నాకు గడియారం చూడటం కొత్తగ వచ్చిన రోజులు, బడిలో నేర్పిండ్రు. మేము గుంత కాడికి బయలెల్లినప్పుడే గోడ మీద పన్నెండు దాటింది. నేను తాత చెవిలో చెప్పిన.

"తాతా, మనం కాలబెట్టకముందే దిగిందట."

ఆయన నా దిక్కు చూసిండు. తమ్ముని దిక్కు చూసిండు. "మీ అవ్వ పరేషాన్ల గడియారం మంచిగ చూసిందో లేదో" అన్నడు. "ఎవ్వలకు చెప్పకు."

నేను చెప్పలే. అవ్వకు చెప్పలే, తమ్మునికి చెప్పలే. బాపమ్మ తాత కట్టె పామునాడే కాలిందనుకొనే పోయింది.

తాత చివరికి తుమ్మ కట్టెతోనే తిరిగిండు. దానికి గుంట పడలే. పసుపు తవ్వే రోజులు రాకముందే ఒక పొద్దున అలుకు చల్లిన వాకిట్లో అది జారింది. తుంటి విరిగింది. వాకిళ్లన్నిట్లో పసుపు ఉడుకుతున్న వాసన వస్తుంటే ఆయన మంచం మీదనే ఉన్నడు. ఎండలు ముదరక ముందే పోయిండు. చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకొని, కట్టె పట్టుకున్నట్టు, బొటనవేలితోటి రుద్దేది.

నేను జగిత్యాలలో డిగ్రీ చదివిన, జువాలజీ తీసుకున్న. పాముకు పగ ఉండదు, జోడు జాడ పట్టుకొని రాదు అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న. రాసేటప్పుడు కూడా కాళ్లు బెంచీ మీదికి ముడుచుకొని కూసున్న. తమ్మునికి ఇప్పుడు మీసాలు. కోరుట్లలో బండ్లు బాగుచేస్తడు. కొంచెం దగ్గినా నేను ఫోన్ చేస్త. "నేనింకా తొట్టెలల్నే ఉన్ననా అక్కా?" అంటడు. వానికి ఆ కట్టె సంగతి తెలువది. పొన్ను నా పుస్తెలతాడు డబ్బాలో ఉన్నది, అదేందో మా ఆయనకు కూడా తెలువది.

ఇన్నేండ్ల నుంచి నాకు ఒక్కటే అనిపిస్తది. పాము తమ్ముణ్ణి ఏమీ చెయ్యలే. తాతను మా భయం పడగొట్టింది. ఆయన భయం, నా భయం, ఇద్దరిదీ.

ఇది రాసినంత సులువు కాదు నమ్ముట. ఇందాక పిల్లగాడు ఒకసారి దగ్గిండు. నేను లేచి దర్వాజ దాకా పోయిన. వెనుక తలుపు తీసి, కట్టెను చీరెతో సహా బయట పెట్టేస్తే అయిపోతది. అట్ట మంట బూడిద ఇంకా అక్కడనే ఉన్నది. అగ్గిపెట్టె గూట్లో ఉన్నది. చీరె విప్పి కట్టెను పట్టుకున్న. మామ చెయ్యి పెట్టే చోట నున్నగ, కొద్దిగ లోపలికి పోయి ఉన్నది. నా చెయ్యి పెడితే ఇంకా కొంత జాగ మిగిలింది.

మళ్ల దర్వాజ వెనుకనే నిలబెట్టిన.

పిల్లగాని నుదురు పట్టి చూసిన. చల్లగనే ఉన్నది. నా చెయ్యే చల్లగ ఉన్నదేమోనని చెంప ఆనిచ్చి చూసిన. చల్లగనే ఉన్నది. మామ పొద్దున ఐదింటికే లేస్తడు. ఆయన గోడ పట్టుకోకముందే పోయి చేతికిచ్చి రావాలె. అత్తమ్మ చూస్తే చూస్తది. అంతదాక కూసుంట.